పది మంది తల్లుల మాట

భూలక్ష్మి పిల్లాడిని మా అత్తగారి చేతికి ఇవ్వలేదు.

వీధి అరుగు మీద కూర్చుని మా అత్తగారు వరహాలమ్మ గారు రెండు చేతులూ చాపారు. అమలాపురంలో మా వైపు వీధుల్లో ఆవిడ చేతులు చాపితే చాలు, ఏ తల్లయినా బిడ్డని అందులో పడేసి కొంగు సర్దుకుని హాయిగా ఊపిరి పీల్చుకునేది. నలభై ఏళ్ళుగా పసిపిల్లలకి నీళ్ళు పోసిన చేతులవి. భూలక్ష్మి మాత్రం చంకలో పిల్లాడిని ఇంకాస్త గట్టిగా పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"వద్దండి మామ్మ గారూ. ఒళ్ళు కాలిపోతోందండి వాడికి."

"అందుకే కదమ్మా ఇలా ఇమ్మంటున్నాను. డాక్టరుకి చూపించేరా?"

"ఆయ్, చూపించేమండి. జలుబు జ్వరం అన్నారండి. మందిచ్చేరు. మందు డాక్టరు గారిదేనండి, జ్వరం మాత్రం మీ ఇంటిదండి."

ఆ మాట అని చేతిలో నలిగిన కాగితం అరుగు మీద పెట్టింది. విసిరిందనే అనాలి. కానీ పెద్దావిడ ముందు విసరడం ఎంత మర్యాదగా కుదురుతుందో అంత మర్యాదగానూ విసిరింది.

అది ఇంటర్నెట్టులో మా పేజీకి తీసిన ప్రింటు. పైన ఫొటోలో ఐదో నెల పిల్లాడు మా అత్తగారి కాళ్ళ మీద పడుకుని, తడి ఒంటితో, బోసినోటితో నవ్వుతున్నాడు. వాడు భూలక్ష్మి కొడుకు పండు. కింద నాలుగు ముక్కలు: "మా బాబు మూడు వారాల్లోనే ఎంత బొద్దుగా తయారయ్యాడో! వరహాలమ్మ గారి సున్నిపిండి తప్ప ఇంకేదీ వాడను. మీరూ వాడి చూడండి. భూలక్ష్మి, అమలాపురం."

"ఇది నేనెప్పుడన్నానండీ?" అంటూ భూలక్ష్మి నా వైపు తిరిగింది. "సత్యదుర్గ గారూ, మీరే చెప్పండి. నా కొడుకు బొద్దుగా ఉన్నాడని నా నోటితో నేను అంటానాండి? ఏ తల్లయినా అంటుందాండి?"

అనదు. నాకొచ్చిన చిక్కంతా అదే.

"దోహాలో మా ఆయన రూములో వాళ్ళంతా చుట్టూ చేరి చూసేరంటండి. ఫోన్ చేసి ఆయన ఒకటే మురిసిపోవడం. 'ఏమే, ఇంత బాగా ఎప్పుడు రాసేవే' అని. మర్నాటికి పిల్లాడికి జ్వరం. మా అత్తగారు అప్పలమ్మ గారు ఏమన్నారో తెలుసాండి? ఊళ్ళో వాళ్ళ దిష్టయితే ఉప్పూ మిరపకాయలతో తీస్తాం, దేశాల మీద దిష్టి దేనితో తీస్తామే అన్నారండి."

మా అత్తగారు కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు. ఆవిడకి చదవడం రాదు. ఫొటోలో తన కాళ్ళని గుర్తుపట్టారు.

"దుర్గా, ఈ అమ్మాయే రాసిందని నాకు చదివి వినిపించేవు కదే?"

నేను కొంగు అంచు వేలికి చుట్టుకున్నాను.

ఆవిడ ఇంకేమీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళి గుప్పెట్లో ఉప్పూ, ఎండుమిరపకాయలూ తెచ్చారు. పిల్లాడికి జానెడు దూరంలో చెయ్యి తిప్పి మూడుసార్లు దిష్టి తీశారు. అంతసేపూ భూలక్ష్మి తల వంచుకుని నిలబడింది. దిష్టి తియ్యడం అయ్యాక ఆవిడ పిల్లాడి నుదుటి మీద చెయ్యి వెయ్యబోతే, మళ్ళీ అదే అడుగు వెనక్కి.

"రేపణ్ణించి మా ఇంటికి నీళ్ళు పొయ్యడానికి రాకండి మామ్మ గారూ. ఏమీ అనుకోకండి. వీరలక్ష్మి వాళ్ళింట్లో కూడా చెప్పమన్నారండి. ఆళ్ళ పాప ఫొటో కూడా ఎక్కడన్నా పెట్టేరేమోనని భయపడుతున్నారండి."

మా కోనసీమలో ముఖం మీద తలుపు వేసినా 'ఏమీ అనుకోకండి' అనే వేస్తారు. గేటు కూడా చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళింది.

*

ఈ పాపం ఎక్కడ మొదలైందో చెప్పాలి.

హైదరాబాదులో కొందరు కుర్రాళ్ళు తల్లుల కోసమే ఒక వెబ్‌సైటు పెట్టారు. దేశదేశాల్లో ఉన్న తెలుగు అమ్మలంతా అందులో చేరి పిల్లల పాల గురించీ, పళ్ళ గురించీ రాసుకుంటారు. గడియారస్తంభం దగ్గర మా ఆయన నాగేంద్రబాబు నడిపే ఇంటర్నెట్ సెంటరులో నేనూ మధ్యాహ్నాలు కూర్చుని అది చదివేదాన్ని. మస్కట్‌లోనూ, దుబాయ్‌లోనూ ఉన్న మన పిల్లలు 'అక్కడ సున్నిపిండి దొరకదు, అమ్మమ్మ చేతి స్నానం గుర్తొస్తోంది' అని రాస్తుంటే నాకో ఆలోచన వచ్చింది. మా అత్తగారు పెసలూ, సెనగలూ, బావంచాలూ, కచ్చూరాలూ ఎండబెట్టి మర పట్టించే పిండి ఉండగా వాళ్ళకి లోటెందుకు?

ఆ సైటు వాళ్ళకి ఫోన్ చేస్తే చరణ్ అనే అబ్బాయి తియ్యగా చెప్పాడు. "మేడమ్, పిండి గురించి మీరెంత చెప్పినా అమ్మలు నమ్మరండి. ఇంకో అమ్మ చెబితే వెంటనే నమ్ముతారు. పది మంది తల్లుల మాట కావాలి. పేరుండాలి, ఊరుండాలి, బాబు ఫొటో ఉంటే ఇంకా మంచిది. పదీ రాగానే మొదటి పేజీలో పెడతాను."

పది మంది ఎంతలే అనుకున్నాను. మా అత్తగారు నీళ్ళు పోసిన ఇళ్ళు పధ్నాలుగు తిరిగాను. ఒక ఇంట్లో పిల్లాడు రెండు చేతులతో ఎత్తలేనంత ఉన్నాడు, మెడలో మడతలు, మణికట్టు దగ్గర మడతలు. "మా పిండి బాగా పట్టింది కదండీ" అన్నాను. తల్లి వాడి బుగ్గ మీద దిష్టిచుక్క ఇంకాస్త దిద్దుతూ, "వీడాండీ, ఏం పట్టిందండీ, పుల్లలాగున్నాడు" అంది. పధ్నాలుగిళ్ళలోనూ అదే మాట. ఏదోనండీ, ఉన్నాడండీ. పాలే తాగడండీ. బిడ్డ బాగున్నాడని తల్లి నోటితో చెప్పిస్తే మనది కోనసీమ ఎలా అవుతుంది?

అప్పుడు నేనే రాశాను. రాజోలు తల్లి, మామిడికుదురు కవలల తల్లి, కొత్తపేట టీచరు గారు, మండపేట రైసుమిల్లు వాళ్ళ కోడలు. ఎనిమిది మందిని నేనే కన్నాను, ఎనిమిది మందికీ పిల్లల్నీ నేనే కనిపెట్టాను. తొమ్మిదోది, భూలక్ష్మి మాత్రం ఉన్న మనిషే. ఫొటో ఉంది కదా, పేరు పెడితే ఏం పోతుందిలే అనుకున్నాను. పోయిందేమిటో ఇందాకే చూశారు.

పదోది నిజంగా వచ్చింది. మస్కట్ నుంచి ఉమామహేశ్వరి అనే ఆవిడ మా పేజీ చూసి తనంతట తనే పంపింది. చరణ్‌కి పదీ పంపిస్తే, ఆ ఒక్కదాని దగ్గరే పేచీ పెట్టాడు. "ఇది కొంచెం చప్పగా ఉంది మేడమ్. నమ్మేలా లేదు. నాలుగు లైన్లకి కుదించండి."

కుదించాను.

*

మధ్యాహ్నం పన్నెండు దాటింది. మా అత్తగారు అన్నం తినలేదు. అరుగు మీద నుంచి లేచి, గోడవారగా ఉన్న పీట తీసుకుని పెరట్లోకి నడిచారు.

ఆ పీట సంగతి తెలియనివాళ్ళు మా ఊళ్ళో లేరు. పనస చెక్కది, జానెడెత్తు. ఎవరింటికి నీళ్ళు పొయ్యడానికి వెళ్ళినా ఆవిడ తన పీట తనే తీసుకెళ్ళేవారు. వేరే పీట మీద తన కాళ్ళు సరిగ్గా చాపుకోలేనని ఆవిడ నమ్మకం. నేను తొంభై ఎనిమిదిలో కాపురానికి వచ్చిన కొత్తలో, పొద్దున్నే ఆవిడ చంకలో పీట పెట్టుకుని వీధిలో నడుస్తుంటే అరుగుల మీద వాళ్ళంతా లేచి అడిగేవారు.

"ఎవరింట్లోనండీ వరహాలమ్మ గారూ?"

"మునసబు గారి మనవరాలికమ్మా. మగపిల్లాడు."

అంతే. సాయంత్రానికి ఇంకో ఇంటి నుంచి కబురు. ఆవిడ ఎక్కడా తన గురించి ఒక్క మాట చెప్పుకున్న పాపాన పోలేదు. చంకలో పీటే అన్నీ చెప్పేది.

నాకు కొడుకు పుట్టినప్పుడు కాగులో కొబ్బరి మట్టల మంట మీద కాగిన నీళ్ళ వాసనా, సాంబ్రాణి పొగా, ఆవిడ కాళ్ళ మీద వాడు మొదట కెవ్వుమని, తర్వాత గుర్రుపెట్టి నిద్రపోవడమూ నాకు ఇప్పటికీ గుర్తే. ఆఖరి చెంబు నీళ్ళు చేత్తో దిష్టి తిప్పి పారబోసి 'శ్రీరామరక్ష' అనేవారు. ఆ మాట వింటే బాలింతరాలిని నాకే నిద్ర వచ్చేసేది. ఆ రోజులు ఎంత బాగుండేవి! దాన్నే కదా నేను ప్యాకెట్లలో కట్టి అమ్ముదామనుకున్నాను.

ఆవిడ పీటని నూతి పక్కన బోర్లించి, గోడకి ఆనించారు. తడి పీటని ఆరబెట్టే తీరు కాదది. ఇక పని లేని సామాను పెట్టే తీరు.

"అత్తయ్య గారూ, అన్నం తినండి."

"దుర్గా, ఇలా కూర్చో." గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. "రాజోలు అమ్మాయి రాసిందన్నావు. అది?"

"నేనేనండి."

"కొత్తపేట టీచరు గారు?"

"నేనేనండి."

"మామిడికుదురులో కవలలు?"

"లేరండి అత్తయ్య గారూ."

ఆవిడ కాసేపు నూతి గట్టు వైపు చూశారు. "చిన్నాడికి నీరసంగా ఉందని రాసిందన్నావు. నేను రెండుసార్లు అడిగేను, తగ్గిందా అని. నువ్వు తగ్గిందన్నావు. నేను దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. రోజూ సాయంత్రం ఆ ఉత్తరాలు చదివి వినిపించమని ఆవిడే అడిగేవారు. లేని తల్లుల కోసం, పుట్టని పిల్లల కోసం ఆవిడ ముఖం వెలిగిపోయేది. అది చూసి నేను ఇంకో రెండు వాక్యాలు కలిపి చదివేదాన్ని.

"చేసింది తప్పేనండి. ఇప్పుడే ఫోన్ చేసి అన్నీ తీయించేస్తాను."

"తీయిస్తే జనం కళ్ళలోంచి పోతుందా?" అని ఆగి, మెల్లిగా అడిగారు. "ఉమ ఉత్తరం?"

"అది నిజమండి! ఒట్టు. అదొక్కటీ నిజంగా వచ్చిందండి."

మా అత్తగారు నవ్వారు. ఆ నవ్వు కంటే చెంప దెబ్బ నయం.

"పోన్లే దుర్గా. నా సంతోషం కోసం ఇంక రాయకు."

"నిజమండి అత్తయ్య గారూ! తుపానులో పుట్టిన పాప గురించి రాసిందండి. బొండాం నీళ్ళతో స్నానం చేయించేరని..."

"ఆ సంగతి ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నీకు తెలీదా?"

తెలుసు. అదే కదా నా ఖర్మ. తొంభై ఆరు తుపానులో నూతులన్నీ బురద నీళ్ళతో, చచ్చిన కోళ్ళతో నిండిపోయాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఉమామహేశ్వరి గాలివాన రాత్రే ఆడపిల్లని కన్నది. మూడో రోజుదాకా బిడ్డ ఒంటి మీద మంచినీటి చుక్క పడలేదు. ఎటు చూసినా కూలిన కొబ్బరి చెట్లే. ఆ చెట్ల బొండాలు కొట్టించి, ఆ నీళ్ళు గోరువెచ్చగా కాచి మా అత్తగారు పిల్లకి స్నానం చేయించారు. ఆ పిల్లని ఊరంతా బొండాం నీళ్ళ పిల్ల అనేవారు.

ఆ కథకి రెండో సగం కూడా ఉంది. దాన్ని మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. గాలివాన మొదలైన సాయంత్రం రేవులో పడవ కట్టి వస్తానని వెళ్ళిన మా మావగారు మాణిక్యాలరావు గారు తిరిగి రాలేదు. మూడో రోజు కాలవలో దొరికారు. ఆయన్ని ఇంటికి తెచ్చేసరికి మా అత్తగారు ఇంట్లో లేరు. గంట తర్వాత చంకలో పీటతో, తడి కొంగుతో వచ్చారట. చావు కబురు చెవిన పడ్డ ఆడమనిషి పురిటి బిడ్డని ముట్టుకోకూడదు. మైల. బిడ్డకి కీడు. అందుకని ఊరంతా ఒక్క మాట అనుకుంది: 'పాపం, తెలీక వెళ్ళింది.' ఆ మాట నోటా నోటా తిరిగి గట్టిపడింది కాబట్టే ఆ తర్వాత కూడా తల్లులు బిడ్డల్ని ఆవిడ చేతుల్లో పెట్టారు.

అప్పటికి మా ఆయనకి పందొమ్మిదేళ్ళు. నాన్న శవం దగ్గర ఒంటరిగా గంటసేపు కూర్చున్నారు. తల్లిని ఈ పదమూడేళ్ళలో ఆ గంట గురించి ఒక్క మాట అడగలేదు. తుపాను అనే మాట పేపర్లో కనబడినా పేజీ తిప్పేస్తారు.

*

నేను లోపలికి పరిగెత్తాను. బీరువా పైన అట్టపెట్టెలో ఉమామహేశ్వరి పంపిన మెయిలు ప్రింటు, కుదించనిది, ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. కూడబలుక్కుని చదవాలి. కుదించేటప్పుడు కొట్టేసిన కొన్ని వాక్యాల మీద పెన్నుతో గీతలున్నాయి. అవి నాకు అప్పట్లో పూర్తిగా అర్థం కాలేదు. పిండి అమ్మకానికి పనికొచ్చేవిగానూ కనబడలేదు.

పెరట్లోకి వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

"మామ్మ గారండీ, నేను ఉమని. మీ పీటా, మీ కాళ్ళూ ఫొటోలో చూసి గుర్తుపట్టేను. మా అమ్మాయికి మీరు బొండాం నీళ్ళు పోసేరు. ఇప్పుడు మళ్ళీ బాబు పుట్టేడు. పిండి పంపండి."

"ఇది మొన్న చదివేవు," అన్నారు ఆవిడ, కాళ్ళ దగ్గర చీమని చూస్తూ.

"ఇంకా ఉందండి. ఇది నేను కొట్టేసేను." గొంతు సవరించుకున్నాను. "ఆ రోజు గుమ్మంలో పెద్దిరాజు గారు మీతో చెప్పిన మాట నాకూ లోపలికి వినబడింది మామ్మ గారండీ. మీరు పైకి అనలేదు, నేనూ అనలేదు."

ఆవిడ తల ఎత్తారు.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. పెద్దిరాజు గారు మా మావగారితో పాటు రేవులో పనిచేసిన మనిషి, పోయి నాలుగేళ్ళయింది. ఆయన ఏం చెప్పారో నాకు తెలియదు. నాకు తెలియని దాన్ని నేను కల్పించలేనని మాత్రం మా అత్తగారికి అప్పుడే అర్థమైనట్టుంది.

"తర్వాత?"

"మా అమ్మాయికి పదమూడేళ్ళు వచ్చేయండి. బాగుంది. చాలా బాగుంది. దిష్టి తగిలితే తగలనివ్వండి, మీకు చెప్పాలని రాస్తున్నాను."

పధ్నాలుగిళ్ళు తిరిగినా ఏ తల్లీ అనని మాట, ఎవరూ అడగకుండానే ఒక తల్లి అంది. దాన్ని నేను పెన్నుతో కొట్టేశాను.

"వినబడిందా దానికి," అన్నారు ఆవిడ. "తెలిసే పిల్లని నా కాళ్ళ మీద పెట్టిందా!"

"ఏమిటండి అత్తయ్య గారూ?"

"ఆ పిల్లకి జ్వరం వచ్చిందని తెలిస్తే నాలుగు రోజులు తిండి తినేదాన్ని కాదే. నా మైల చేతుల వల్లేనని. ఆళ్ళు మస్కట్ వెళ్ళిపోయేక, ఎలా ఉందో అడగడానిక్కూడా ధైర్యం లేకపోయింది. పదమూడేళ్ళు, దుర్గా!"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఈ ఇంటికి వచ్చాక ఆవిడ ఏడవడం నేను చూడలేదు. నాకూ ఏడుపు ఆగలేదు. ఆవిడ చేతులు పట్టుకున్నాను. నానిన చేతుల్లా మెత్తగా ఉన్నాయి.

"పెద్దిరాజు మావయ్య ఏం చెప్పేడమ్మా?"

ఇద్దరం ఉలిక్కిపడ్డాం. పెరటి గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నారు. భూలక్ష్మి మరిది సెంటరుకి వచ్చి గొడవపడితే, నన్ను నిలదీద్దామని వచ్చారని తర్వాత తెలిసింది. చేతిలో భూలక్ష్మి పడేసిన కాగితమే ఉంది. ఆయన మాత్రం నా వైపు చూడట్లేదు.

"నాన్న దొరికేడని చెప్పేడా?"

మా అత్తగారు నా చేతుల్లోంచి తన చేతులు వెనక్కి తీసుకున్నారు.

"అందరూ తెలీక వెళ్ళిందన్నారు. నేనూ అదే నమ్మేను. నమ్మేను కాబట్టే ఈ ఇంట్లో ఉన్నాను." ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. "నేనక్కడ ఒక్కణ్ణే కూర్చున్నానమ్మా. తెలిసి లోపలికి వెళ్ళేవా నువ్వు?"

నూతి పక్క చెట్టు మీద ఉడత ఒకటే అరుస్తోంది. నేను కాగితం మడతపెట్టడం మొదలుపెట్టి, ఎందుకు మడుస్తున్నానో తెలియక ఆగిపోయాను.

మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. పక్కకి వంగి, గోడకి ఆనించిన పీటని అందుకుని, తన ఎదురుగా నేల మీద పెట్టి, కొంగుతో దాని దుమ్ము తుడిచారు.

"కూర్చో నాగేంద్రా," అన్నారు. "చెబుతాను. ఒక పిల్లకి నీళ్ళు పోసినంతసేపు పడుతుంది."

మా ఆయన గుమ్మంలోంచి కదల్లేదు.